అబ్బులు గారి మూడో అర

“మీసాలేవి అబ్బులూ? ముందు మీసాలు చూపించు, తర్వాత మాట్లాడదాం.”

“ఉన్నాయండి మేడమ్ గారూ. నోటికి రెండు పక్కలా, పెదవికి అంటుకుని ఇంతింత ఉంటాయి. సీసాలోంచి కనబడవండి.”

“కనబడని మీసాల కోసం జెల్లల పక్కన కూర్చోబెట్టేశావా దాన్ని? ఒళ్ళంతా పెంకు కనబడుతోంది కదా. పైప్ ఫిష్‌కీ అలాగే పెంకు. అందుకే పెద్ద మాస్టారు దాన్ని ఐదో అరలో పెట్టేరు.”

“పెంకు చూసి చుట్టరికం కలిపితే ఎలాగండి. తాబేలుకీ పెంకే, నత్తకీ పెంకే.”

జువాలజీ మ్యూజియం గది తలుపు ఓరగా వేసి ఉంది. బయట బల్ల మీద కూర్చున్న గణేష్‌బాబుకి మనుషులు కనబడటం లేదు, మాటలు మాత్రం వినబడుతున్నాయి. అతను వచ్చింది టీసీ కోసం. రాజమండ్రిలోని ఆ కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం సగంలో మానేసి ఏడాదిన్నర దాటింది. మానేయడానికి గొప్ప కారణమేమీ లేదు. బెంచీ మీద గంటసేపు కూర్చోవడం అతనివల్ల కాలేదు, అంతే. రావులపాలెం దగ్గర అరటితోటలున్న వాళ్ళ నాన్న నెల్లాళ్ళు మాట్లాడటం మానేసి, ఆ తర్వాత ఆయనే విసిగి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడు గణేష్‌బాబుకి దేవీచౌక్ దగ్గర సందులో ఒక షట్టరూ, అందులో పద్నాలుగు అద్దాల తొట్లూ, రంగుచేపల వ్యాపారమూ ఉన్నాయి. టీసీ ఇవ్వాల్సిన గుమాస్తా టీకి వెళ్ళాడు. అది 2003 జనవరి ఆఖరు.

లోపలి గొంతుల్లో పెద్దది సీతారామలక్ష్మి మేడమ్‌ది. కోనసీమ నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ జువాలజీ చెబుతున్న మనిషి. కోపం లేనప్పుడు కూడా ఆమె మాట వరండా చివరిదాకా వెళ్తుంది. రెండో గొంతు ల్యాబ్ అటెండరు అబ్బులుది. కప్పలు తెచ్చేదీ, సీసాలు కడిగేదీ, ఎవరైనా వాంతి చేసుకుంటే తుడిచేదీ ఆయనే. బక్కపల్చని మనిషి, చొక్కా నిండా ఫార్మలిన్ వాసన. చదివినన్నాళ్ళూ ఆయన ఎవరికీ ఎదురు చెప్పడం గణేష్‌బాబు వినలేదు. అందుకే గుమాస్తా తిరిగొచ్చి టీసీ చేతిలో పెట్టినా అతను బల్ల మీంచి లేవలేదు.

గొడవంతా ఒక సీసా గురించి. మ్యూజియంలో చేపల అల్మారాకి ఏడు అరలు. ఒక్కో అరలో ఒక్కో చుట్టాల గుంపు. మూడో అరలో మీసాల చేపలు: వాలుగ, జెల్ల, మార్పుచేప, ఇంగిలాయి. ఐదో అరలో ఎముకల చొక్కా తొడుక్కున్నట్టుండే సముద్రపు చేపలు: సీ హార్స్, పైప్ ఫిష్. 1988లో ఎవరో మద్రాసు నుంచి తెచ్చి పెంచుకున్న పరాయిదేశపు చేప ఒకటి చచ్చిపోతే, అప్పట్లో జువాలజీ శాఖని నడిపిన పెద్ద మాస్టారు దాన్ని సీసాలో వేయించి, ఒంటి మీది పలకలు చూసి ఐదో అరలో పెట్టించి, లేబుల్ స్వయంగా రాశారు. పదిహేనేళ్ళు అది అక్కడే ఉంది. వచ్చే నెల కాలేజీని చూడటానికి కమిటీ వస్తోందంటే, కిందటి వారం అల్మారా దుమ్ము దులుపుతూ అబ్బులు దాన్ని మూడో అరలోకి మార్చేశారు. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఎవరినీ అడక్కుండా ఆయన చేసిన పని అదొక్కటే.

“మాస్టారు పోయి ఆరేళ్ళయింది. ఆయన లేనప్పుడు ఆయన రాసినదాన్ని తప్పంటున్నావు నువ్వు,” అంది మేడమ్. ఈసారి గొంతు తగ్గింది. ఆమె కూడా ఆ మాస్టారి శిష్యురాలే.

“పైన కాదు, లోపల చూడమని నాకు నేర్పింది ఆయనేనండి. ఉన్నది ఒక్కటే కదా, సీసాలోది కొయ్యకూడదని రిజిస్టర్లో రాసుంది కాబట్టి ఆయనకి లోపల చూసే వీలు లేకపోయింది. చూసుంటే ఆయనే మార్చుండేవారు.”

మేడమ్ ఆలోచించి తీర్పు చెప్పింది. ఫిబ్రవరి ఇరవై నాలుగున కమిటీ వస్తుంది. ఆలోపు అలాంటి చేప ఇంకొకటి సంపాదించి, అది జెల్లల చుట్టమని ఎముకల్లో చూపిస్తే, కొత్త లేబుల్ తన చేత్తో తానే రాస్తుంది. చూపించలేకపోతే అబ్బులు తన చేత్తో తానే సీసాని ఐదో అరలో పెట్టాలి. ఆ నెలాఖరుకే ఆయన రిటైర్‌మెంట్. అంటే ఆ అల్మారాలో ఆయన చేసే ఆఖరి పని అదే అవుతుంది.

అబ్బులు బయటికొచ్చి, చీపురు గోడకి ఆనించి, నీళ్ళకుండ దగ్గర నిలబడ్డారు. గ్లాసు నింపారు గానీ తాగలేదు. గణేష్‌బాబు లేచి దగ్గరికెళ్ళాడు. దాపరికం అతనికి చేతకాదు.

“మొత్తం విన్నానండి. ఆ చేపని మేం సక్కర్ అంటాం. నా షాపులో ఉన్నాయి.”

ఆయన అతన్ని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. “మీరు కప్ప గుండె కోయమంటే కాలు కోసినోరు కదండి,” అన్నారు.

“అవునండి, నేనే.”

మర్నాడు డ్యూటీ దిగాక అబ్బులు షాపుకొచ్చారు. గోల్డ్ ఫిష్‌లూ ఏంజెల్ ఫిష్‌లూ ఉన్న తొట్ల వైపు చూడకుండా నేరుగా మూల తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నారు. అందులో ఒక పెద్ద సక్కర్ ఉంది, మూరెడు పొడవు. షాపు తెరిచిన రోజు నుంచీ ఉంది. అద్దం మీది పాచి తింటూ తొట్టిని శుభ్రం చేస్తుంది కాబట్టి గణేష్‌బాబు దాన్ని అమ్మలేదు. బోర్లించిన గిన్నెలాంటి నోటితో అద్దానికి కరుచుకుని ఉందది. అబ్బులు అద్దానికి ముక్కు ఆనించి, ఆ నోటి మూలల్లో వేలు పెట్టి చూపించారు. రెండు పక్కలా రెండు చిన్న మీసాలు, బియ్యపు గింజకన్నా కాస్త పొడుగ్గా. రోజూ పదిసార్లు ఆ అద్దం తుడిచే గణేష్‌బాబు వాటిని ఒక్కసారీ చూడలేదు.

తర్వాత ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, అనుమతి అడిగి, తొట్టిలో చెయ్యి పెట్టి దాన్ని పట్టుకున్నారు. మొప్పల పక్క ముళ్ళు రెండూ బారజాపి అది బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా ముల్లు ముడుచుకోలేదు. అబ్బులు మొహం విప్పారింది.

“తాళం వేసేసింది చూశారా. జెల్లని వలలోంచి తీసినప్పుడు ఇలాగే వేస్తుంది. ఆ ముల్లు మొదట్లో ఎముకకి మెలిక ఉంటుందండి, ఆ మెలిక గుంటలో పడితే ఇంక రాదు. మా నాన్న వేళ్ళ నిండా ఆ మచ్చలే.”

కమిటీకి ఇరవై నాలుగు రోజులే ఉంది. గణేష్‌బాబు ఆ చేపనే తీసుకెళ్ళమన్నాడు. ఇంత పెద్దదైతే ఎముకలూ పెద్దవిగా ఉంటాయి, పని తేలికవుతుంది. అబ్బులు దాన్ని నీళ్ళలోకి మెల్లగా వదిలేశారు.

“చేపలు పట్టే ఇంట్లో పుట్టినోణ్ణండి. తినడానికి చంపుతాం. చూడ్డానికి చంపడం నాకు రాదు. వ్యాపారం అన్నాక చచ్చినవి ఉంటాయి కదా, అవి ఇప్పించండి చాలు.”

చచ్చినవి ఉన్నాయి. మద్రాసు లోడు వచ్చిన ప్రతిసారీ కొన్ని సంచుల్లోనే పోతాయి. గణేష్‌బాబు ఫ్రిజ్‌లోంచి జానెడు సక్కర్లు మూడూ, వేలంత కోరీలు రెండూ తీసి కవర్లో వేశాడు. కోరీ కూడా పెంకుచేపే. కాకపోతే సక్కర్‌కి పలకలు చాలా వరసలుంటాయి, కోరీకి పక్కకి రెండే వరసలు, ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీదొకటి. అబ్బులు ఆ రెంటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, పెళ్ళిసంబంధం చూస్తున్నవాడిలా చాలాసేపు చూశారు.

ఆయన ఇల్లు ధవళేశ్వరంలో, కాలవగట్టు పక్క. రెండు గదులు. మొదటి గదిలో గోడకి చెక్క అరలు, అరల నిండా అగ్గిపెట్టెలు. ఒక్కో పెట్టె మీద తెలుగులో గుండ్రటి అక్షరాలు: ‘శీలావతి, కుడి చెవి రాయి’, ‘బొచ్చె, గొంతు పళ్ళు’, ‘వాలుగ, దవడ’. రెండు వందలకి పైనే ఉన్నాయి. ఐదో తరగతి దాకా చదివిన మనిషి చేతిరాత అది. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో పడవ వదిలేసి కాలేజీలో చేరినప్పుడు, పెద్ద మాస్టారు ఒక కొర్రమేను ఇచ్చి ఉడకబెట్టి ఎముకలు తీసుకురమ్మన్నారట. అబ్బులు కూర వండుకుని తిని, ఎముకలు కడిగి పట్టుకెళ్ళారు. ఒక్కటీ పోలేదు. మాస్టారు నవ్వి, వాటిని బల్ల మీద పేర్చి, ఒక్కో ఎముకకీ పేరు చెప్పారు. ఇంగ్లీషు పేర్లు ఆయనకి నోరు తిరగలేదు గానీ మనసులో పడిపోయాయి. అప్పటి నుంచీ ఎవరింట్లో భోజనమైనా సరే, విస్తరి అంచున చేప ఎముకలు తల నుంచి తోకదాకా వరసగా పేర్చి గానీ లేవరు. బంతిలో పక్కన కూర్చున్నవాళ్ళు ఈయనేదో దిష్టి తీస్తున్నాడనుకుని జరిగి కూర్చుంటారని ఆయన భార్య వీరమ్మ చెప్పింది.

వీరమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. సావడాయలు, నెత్తళ్ళు, రొయ్యపప్పు. మొగుడు పాతికేళ్ళుగా పొయ్యి మీద తన గిన్నెల్లో ఏమేం ఉడకబెట్టాడో ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టగలదు.

మొదటి సక్కర్‌ని అబ్బులు ఉడకబెట్టారు. శీలావతికీ వాలుగకీ అలవాటైన పద్ధతే. నాలుగు పొంగులు రాగానే దింపి, చల్లార్చి, వేలితో మాంసం తీద్దామని ముట్టుకుంటే పెంకులన్నీ ఒక్కసారిగా ఊడిపోయాయి. గిన్నె అడుగున పలకల కుప్ప మిగిలింది. ఏది ఎక్కడిదో చెప్పడానికి లేదు. తల వెనక సన్నటి ఎముకలు ఆ గుజ్జులో ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. ఆయన ఆ గిన్నె ముందు పీట మీద కూర్చుండిపోయారు.

“జీడిపిక్కల్లా ఉన్నాయి. వేయించి ఇమ్మంటారా?” అంది వీరమ్మ.

ఆ సాయంత్రమే ఆయన వీరమ్మని ఇంకో కోరిక కోరారు. ఎండుచేపలకి పట్టే బొచ్చుపురుగు కావాలి. ఆవిడకి ఆ పురుగు బద్ధశత్రువు. ఉప్పు తక్కువ పడ్డ సావడాయల్లో దూరి, వారంలో చేపంతా తినేసి ముల్లు మిగులుస్తుంది. దాన్ని దులపడానికే ఆవిడ ప్రతి ఆదివారమూ సరుకంతా గట్టు మీద ఎండలో పోసి చీపురుతో కొడుతుంది. అలాంటి పురుగుని డబ్బాలో పోసి ఇంట్లో పెంచుతానంటున్నాడు మొగుడు. ఆవిడ, ఎముకలు చూద్దామని వచ్చిన గణేష్‌బాబు వైపు తిరిగి తన బాధ చెప్పుకుంది.

“చూడండి బాబూ, ఊళ్ళో మొగుళ్ళందరూ తాగొచ్చి పెళ్ళాన్ని ఏడిపిస్తారు. ఈయన తాగడు. ఇలా ఏడిపిస్తాడు.”

అన్నది గానీ తెచ్చింది. అరవై పురుగుల్ని తనే ఏరి, బిస్కెట్ల డబ్బాలో వేసి, డబ్బా తన సరుకు ఉన్న గదిలోకి వస్తే కాలవలో పారేస్తానని చెప్పి మరీ ఇచ్చింది. అబ్బులు రెండో సక్కర్‌నీ ఒక కోరీనీ పొట్ట శుభ్రం చేసి, ఎండలో వడలబెట్టి, దూది పరిచిన డబ్బాలో పడుకోబెట్టారు. వేడి తగిలితే అతుకులు ఊడతాయి. పురుగు అతుకు జోలికి పోదు, మెత్తటి మాంసమే తింటుంది. ఉడకబెట్టే ముందే ఈ ఆలోచన ఎందుకు రాలేదని ఆయన తనని తాను తిట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు అడ్డం వచ్చిందన్నారు.

పురుగులు తింటున్న తొమ్మిది రోజులూ గణేష్‌బాబు షాపు మూసి సాయంత్రాలు స్కూటర్ మీద అక్కడికి వెళ్ళేవాడు. ఎందుకు వెళ్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. మేడమ్ లైబ్రరీ నుంచి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఇచ్చింది. ఓడిపోవాలని ఆమెకేమీ కోరిక లేదు, అబ్బులు ఓడిపోవాలనీ లేదు. పుస్తకం అబ్బులుకి చదవడం రాదు. గణేష్‌బాబు ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం. అయినా తప్పులతోనే చదివి, అర్థమైనంత చెప్పేవాడు. దక్షిణ అమెరికా నదుల్లో ఇలాంటి పెంకుచేపలు వందల రకాలున్నాయట. గట్ల కింద బొరియలు తవ్వి గుడ్లు పెడతాయట. వాటికి బాగా దగ్గరి చుట్టం ఒకటి కొండవాగుల్లో ఉంటుందట, నోరు అచ్చం ఇలాగే, ఒంటి మీద మాత్రం పలకలు లేవట.

అబ్బులు ఆ వాక్యాన్ని మళ్ళీ చదివించుకున్నారు.

“పెంకు లేనిది కూడా ఆ ఇంటి మనిషే అన్నమాట. మరి పెంకుని బట్టి ఇల్లు ఎలా చెబుతామండి?”

పదో రోజు పొద్దున్న డబ్బా తెరిచారు. దూది మీద సక్కర్ ఎముకలగూడు ఒక్క అతుకు చెదరకుండా, తెల్లగా, ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానంలా ఉంది. వీరమ్మ కూడా వచ్చి చూసి, డబ్బా మూత తనే తుడిచి పక్కన పెట్టింది. ఆవిడ దగ్గర అదే పెద్ద మెప్పు.

కానీ అసలుది దొరకలేదు. అబ్బులు వెతుకుతున్నది గొలుసు. శీలావతిలో, బొచ్చెలో, జెల్లలో, వాలుగలో, తల వెనకాల వెన్నుపూసకి రెండు పక్కలా నువ్వుగింజల్లాంటి ఎముకలు గొలుసులా ఉంటాయి. నీళ్ళలో చప్పుడైతే కడుపులోని గాలితిత్తి అదురుతుంది. ఆ అదురుని ఈ గొలుసు చెవికి చేరవేస్తుంది. కాలింగ్ బెల్లు తీగలాగన్నమాట. కొర్రమేనుకి ఈ గొలుసు లేదు. పైప్ ఫిష్‌కి లేదు. సక్కర్‌లో అది కనబడితే ఐదో అర దానిది కాదని తేలిపోతుంది. ముల్లు తాళమూ, మీసమూ కలిపి చూస్తే శీలావతి వైపు కాదు, జెల్ల వైపేనని కూడా తేలుతుంది. అయితే ఈ ఎముకలగూడులో గొలుసు ఉండాల్సిన చోట ఏమీ లేదు. తల వెనక రెండు పక్కలా జల్లెడలా చిల్లులున్న వెడల్పాటి ఎముక ఉంది, అంతే.

ఆయన రెండు రోజులు భూతద్దం పట్టుకుని దాని చుట్టూ తిరిగారు. కమిటీకి ఇంకా తొమ్మిది రోజులు. గణేష్‌బాబుకి ఓపిక పోయింది. లేనిదాన్ని వెతకడం ఎందుకు, మేడమ్ చెప్పిందే నిజమేమో, సీసా వెనక్కి పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని మొహం మీదే అనేశాడు.

అబ్బులుకి కోపం రాలేదు. “లేదని తేలితే నేనే పెట్టేస్తానండి, సిగ్గేం లేదు. ఉందో లేదో తేలకుండా పెట్టమంటేనే చెయ్యి రాదు,” అన్నారు.

ఆ ఆదివారం వీరమ్మ మార్పుచేపలు తెచ్చింది. బూడిద రాసి తోలు జారకుండా పట్టుకుని, పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని తలలు తీస్తోంది. అబ్బులు పక్కనే కూర్చుని పళ్ళు తోముకుంటున్నారు. ఆవిడ ఒక తల పక్కకి విసిరింది. ఆయన చేతిలో వేపపుల్ల ఆగిపోయింది. లేచి ఆ తల తీసుకుని, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూశారు. జెల్లకి గాలితిత్తి కడుపులో బుడగలా ఉంటుంది. మార్పుచేపకి అలా ఉండదు. తల వెనక రెండు పక్కలా చిన్న ఎముక డొల్లల్లో ముడుచుకుని ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కోస్తూ చూసిందే. బుడగే డొల్లలో దాక్కుంటే దాని గొలుసు మాత్రం బయటెందుకుంటుంది.

ఆయన ఇంట్లోకి వెళ్ళి, సక్కర్ ఎముకలగూడుని ముందు పెట్టుకుని, ఆ జల్లెడ ఎముక మీద సూదితో తట్టారు. బోలుగా మోగింది.

సోమవారం పొద్దున్న కాలేజీ తెరవక ముందే ఇద్దరూ ల్యాబ్‌లో ఉన్నారు. అబ్బులు మైక్రోస్కోప్ కింద ఆ ఎముకని పెట్టి, దబ్బనం మొనతో చిల్లుకీ చిల్లుకీ మధ్య ఒక్కో ఎముక పోగూ విరుస్తూ కిటికీ తీసినట్టు తీశారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో గణేష్‌బాబు కుర్చీలోంచి కదల్లేదు. ఎముక లోపల చిన్న గది ఉంది. గదిలో ఎండిపోయిన బుడగ పొర. పొరకి అంటుకుని, చెవి వైపు తిరిగి, పిసరంత ఎముక. దాని ముందు ఇంకొకటి.

అబ్బులు తల పైకెత్తి, కళ్ళు తుడుచుకుని, కుర్చీ అతనికి ఇచ్చారు. “మీరు చూడండి బాబూ. నాకు కనబడాలని ఉంది కాబట్టి కనబడుతోందేమో.”

గణేష్‌బాబు చూశాడు. ఉంది. రెండో సంవత్సరం రికార్డు పుస్తకంలో పక్కవాడి బొమ్మ చూసి గీసిన గొలుసే. దాన్ని అతను నిజంగా చూడటం అదే మొదటిసారి.

మేడమ్ పది గంటలకొచ్చి, చేతిసంచి భుజాన ఉండగానే మైక్రోస్కోప్ మీదికి వంగింది. చాలాసేపు లేవలేదు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది, వైవాలో అడిగినట్టే. గొలుసు శీలావతికీ ఉంది కదా అంది. అబ్బులు ముల్లు తాళం చూపించారు, తల వెనక అతుక్కుపోయిన వెన్నుపూసలు చూపించారు, పై దవడ ఎముక చిక్కిపోయి మీసానికి మొదలుగా మిగలడం చూపించారు. గాలితిత్తి డొల్లలో ఉంది కాబట్టి ఇది మార్పుచేపకి తమ్ముడంటావా అని ఆమె అడిగింది. అక్కడ అబ్బులు తడబడ్డారు. అవుననబోయి ఆగారు. మార్పుకి ఒంటి మీద పలకలు లేవు, నోరు వేరు, రెక్క వేరు. డొల్లలో దాచుకోవడం ఇద్దరూ వేరువేరుగా నేర్చుకున్న అలవాటు కావచ్చన్నారు. మేడమ్ మొదటిసారి నవ్వింది.

“మరి దగ్గరి చుట్టం ఎవరు?”

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచారు. లోపల కోరీ పలకలు. ఒకటి తీసి సక్కర్ పలక పక్కన అద్దం కింద పెట్టారు. రెంటి మీదా సన్నటి ముళ్ళు. ముళ్ళు కూడా కాదు, పళ్ళు. నోట్లో పన్ను ఎలా ఉంటుందో అలాగే, మొదలు గుంటలో కూర్చుని, మొన వెనక్కి వంగి. ఒళ్ళంతా పళ్ళున్న చేపలు.

“పైప్ ఫిష్ పెంకు మీద ఇవి లేవండి. మన ఐదో అరలో ఉన్నదాన్ని సీసా మీంచే భూతద్దం పెట్టి చూశాను. పెంకు పేరు ఒకటే గానీ, కుట్టిన చెయ్యి వేరు.”

మేడమ్ సీసా తెప్పించింది. పాత లేబుల్‌ని బ్లేడుతో, చిరక్కుండా, తడిపి తడిపి తీసింది. దాన్ని పారేయలేదు. రిజిస్టర్లో ఆ చేప ఎక్కిన పేజీలో అంటించి, పక్కన తేదీ వేసింది. తర్వాత కొత్త కాగితం మీద చేప పేరూ, కుటుంబం పేరూ రాసి, కింద ఇంకో వరస రాసింది: ‘ఎముకలు సిద్ధం చేసి నిర్ణయించినది: అబ్బులు.’ అటెండర్ అని రాయలేదు. అబ్బులు ఆ వరసని రెండుసార్లు చదివి, గమ్ము ఆరిందో లేదో వేలితో చూసి, సీసాని మూడో అరలో, వాలుగకీ జెల్లకీ అవతల, కాస్త ఎడంగా పెట్టారు. చుట్టమే గానీ దూరపు చుట్టం కాబట్టి ఆ ఎడం.

కమిటీ వచ్చింది. మ్యూజియంలో నాలుగు నిమిషాలు ఉంది. ముగ్గురిలో ఒకాయన కంప్యూటర్లు ఎన్నున్నాయని అడిగాడు, ఒకావిడ ఫ్యాన్ వేయమంది. మూడో అర వైపు ఎవరూ చూడలేదు. గణేష్‌బాబుకి ఒళ్ళు మండిపోయింది. అబ్బులు మాత్రం వాళ్ళకి కాఫీ కప్పులు అందించి, ఖాళీ కప్పులు తీసుకుని, మామూలుగా వెళ్ళిపోయారు. వాళ్ళు చూడటానికి పెట్టింది కాదు కదండీ, అక్కడ ఉండాలి కాబట్టి పెట్టింది, అన్నారు తర్వాత.

నెలాఖరున శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చి పంపారు.

మార్చి రెండో వారానికి గణేష్‌బాబుకి షాపు మీద మనసు విరిగింది. ఎక్కడా రెండేళ్ళు నిలవని కాలు అతనిది. వైజాగ్‌లో ఓడల కంపెనీలో ఎవరో పని ఉందన్నారు. తొట్లు కాకినాడ వాళ్ళకి అమ్మేశాడు, చేపల్ని కూడా. పెద్ద సక్కర్‌ని మాత్రం ఎవరూ తీసుకోలేదు. దాన్ని బకెట్‌లో వేసుకుని, స్కూటర్ ముందు పెట్టుకుని, చెప్పి వెళ్దామని ధవళేశ్వరం వచ్చాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. వీరమ్మ గట్టు మీద సావడాయలు తిరగేస్తోంది. అబ్బులు గుమ్మంలో కూర్చుని కొత్త అగ్గిపెట్టె మీద పేరు రాస్తున్నారు. బకెట్‌లోకి తొంగి చూసి దీన్నేం చేస్తారని అడిగారు. వెళ్తూ వెళ్తూ గోదాట్లో వదిలేస్తానన్నాడు గణేష్‌బాబు. పుష్కరాలకని ఘాట్లన్నీ తవ్వేస్తున్నారు గానీ బ్యారేజీ దగ్గర దిగడానికి దారుంది. పాపం ఇన్నాళ్ళు అద్దం నాకింది, ఇంక హాయిగా తిరుగుతుంది కదా.

అబ్బులు పెన్ను మూత పెట్టి లేచారు. బకెట్ రెండు చేతులా ఎత్తి, గుమ్మం లోపల పెట్టి, దానికీ అతనికీ మధ్య నిలబడ్డారు. ఆ మనిషి ఎవరికైనా అడ్డంగా నిలబడటం గణేష్‌బాబు అదే చూడటం.

“బాబూ, ఒక్కటడుగుతాను, కాదనకండి. దీన్ని గోదాట్లో వదలకండి. దీని లోపల ఏముందో మనిద్దరం చూశాం. ఇది తాళం వేసిందంటే మన వాలుగ మింగలేదు, కొర్రమేను మింగలేదు, కొంగ మింగితే గొంతులో అడ్డం పడుద్ది. గట్ల కింద బొరియలు తవ్వి గుడ్లు పెడుద్దని పుస్తకంలో మీరే చదివేరు. దీని చుట్టాలు మన అరలో ఉన్నారు గానీ, దీన్ని అదుపులో పెట్టేవోళ్ళు మన ఏట్లో లేరండి. ఇక్కడ వదిలెళ్ళండి, పెరట్లో తొట్టి కట్టిస్తాను. ఇది పదిహేనేళ్ళు బతుకుద్దన్నారు మీరు, నాకేమో అరవై. ఇది ముందు పోతే ఎముకలు నేను చూసుకుంటాను. నేను ముందు పోతే మాత్రం, మీరెక్కడున్నా సరే, వచ్చి దీన్ని తీసుకెళ్ళండి.”